మందుల సంచిలో మతిమరుపు: పాకాల మండలం నుంచి ఒక కేసు

పేషెంటు వయసు 71. ఊరు పాకాల మండలంలోని దామలచెరువుకు దగ్గర. పుట్టిల్లు తమిళనాడులోని గుడియాత్తం వైపు, అందుకని తమిళం, తెలుగు రెండూ ఒకే ధాటిగా మాట్లాడుతుంది. బడికి వెళ్లలేదు. మామిడి మండీలో కూలికి వెళ్లి, ఇంట్లో రెండు ఆవుల్ని చూసుకుని, పదేళ్ల కిందటి దాకా పాల లెక్క నోటితోనే వేసిన మనిషి. మనిషిని గుర్తుపట్టేందుకు వీలిచ్చే మిగతా వివరాలను మార్చాం.

కోడలు చెప్పిన ఫిర్యాదు ఇది. ఏడాదిన్నరగా మరుపు. అడిగిందే అడుగుతుంది. పాల కేంద్రం నుంచి ఇంటికి వస్తూ రెండుసార్లు దారి తప్పింది. పొయ్యి మీద సంగటి పెట్టి మరిచిపోతుంది. నాలుగైదు నెలలుగా రాత్రిపూట లేచి, లేనివాళ్లతో మాట్లాడుతోంది. పగలు కొంత తేరుకుంటుంది. పేషెంటును అడిగితే, "నాకేం లేదు నాయనా, వస్తువు యాడ పెట్టినానో తెల్దు, అంతే" అంది. అప్పటికే ఒకచోట అల్జీమర్స్ అని చీటీ రాసి, దానికి మందు కూడా మొదలుపెట్టారు.

రాత్రి అయోమయం, పగలు తేరుకోవడం అనే ఈ తీరు మొదట్లోనే ఆలోచింపజేయాలి. అల్జీమర్స్ మెల్లగా, ఒకే దిశలో దిగుతుంది. గంటగంటకూ మారే అయోమయం చాలాసార్లు డెలీరియం, అంటే మెదడుకు బయటి నుంచి తగిలిన దెబ్బ. ఆ దెబ్బ ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం తగ్గడం కావచ్చు, షుగర్ పడిపోవడం కావచ్చు, మందు కావచ్చు.

సంచి తెరవడం

"ఏమేం మందులు వాడుతున్నారు" అని నోటితో అడిగితే సరిపోదు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర అని రెండు చెప్పి ఊరుకుంటారు. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పు, సీసా, పొట్లం సంచిలో వేసుకుని రమ్మనాలి. పాత చీటీలు, మందుల షాపు బిల్లులు, కొడుకు ఫోన్లో ఉన్న చీటీల ఫొటోలు కూడా కావాలి. వాటిని బల్ల మీద జబ్బు వారీగా కాకుండా తేదీల వారీగా పేర్చాలి. ఏ మందు తర్వాత ఏ కొత్త బాధ వచ్చిందో అలా పేర్చినప్పుడే కనపడుతుంది.

సంచిలో దొరికినవి తొమ్మిది. మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. రెండు పూటలా, 14 ఏళ్లుగా. గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. గ్యాస్ మాత్ర అని పిలిచే పాంటాప్రజోల్ 40 మి.గ్రా. ఆరేళ్లుగా రోజూ. అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 25 మి.గ్రా. మరుపుకు డోనెపెజిల్ 10 మి.గ్రా. మూత్రం ఆగడం లేదని ఆక్సీబ్యుటినిన్ 5 మి.గ్రా. రెండు పూటలా. నిద్రకు ఆల్ప్రాజోలామ్ 0.5 మి.గ్రా. వీటికి తోడు చీటీ లేకుండా కొన్న జలుబు మాత్రల స్ట్రిప్పు ఒకటి. దాని వెనక రేకు మీద సన్నక్షరాల్లో క్లోర్‌ఫెనిరమైన్ మాలియేట్ అని ఉంది.

తేదీల వారీగా చదివితే కథ ఇలా నడిచింది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే చిన్నపేగులో బీ12 పీల్చుకోవడం తగ్గుతుంది. ఆహారంలోని బీ12 మాంసకృత్తుల నుంచి విడిపడటానికి కడుపులో ఆమ్లం కావాలి, పాంటాప్రజోల్ ఆ ఆమ్లాన్ని ఆపేస్తుంది. ఈ రెండూ కలిసి బీ12ను కిందికి లాగాయి. బీ12 లేక నరాలు దెబ్బతిని అరికాళ్లు మండాయి. ఆ మంటలను షుగర్ ఖాతాలో వేసి అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. అది మొదలైన ఏడాదిలోపే మరుపు బయటపడింది. మరుపుకు డోనెపెజిల్ వచ్చింది. డోనెపెజిల్ మెదడులో నరాల సందేశాలు మోసే రసాయనమైన అసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, మూత్రాశయంలోనూ పెంచుతుంది. నెల తిరిగేసరికి మూత్రం ఆగడం మానేసింది. దానికి ఆక్సీబ్యుటినిన్ ఇచ్చారు, ఇది అదే అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది. ఒకే ఒంట్లో ఒక మందు ఒక రసాయనాన్ని పెంచుతుంటే ఇంకో మందు దాని పని జరగనివ్వడం లేదు. ఆ తర్వాతే రాత్రి తిరుగుళ్లు మొదలయ్యాయి, వాటికి ఆల్ప్రాజోలామ్ చేరింది.

ఇందులో విడివిడిగా చూస్తే ఏ మందూ తప్పు కాదు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, రాసినవాళ్లు వేర్వేరు. గొలుసు మొత్తం ఒకేచోట చూసినవాళ్లు లేరు. డోనెపెజిల్ లాంటి మందు తర్వాత మూత్రం మందు చేరడం వృద్ధుల వైద్యంలో బాగా తెలిసిన గొలుసే, దాని మీద 2005 నాటికే పరిశోధన వచ్చింది.

అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందులకు ఒక భారం లెక్క ఉంది. ఒక్కో మందుకు 1 నుంచి 3 మార్కులు వేసి కూడతారు, మొత్తం 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే జాగ్రత్తపడాలి. అమిట్రిప్టిలిన్‌కు 3, ఆక్సీబ్యుటినిన్‌కు 3, క్లోర్‌ఫెనిరమైన్‌కు 3, ఆల్ప్రాజోలామ్‌కు 1. జలుబు మాత్ర వేసుకున్న రోజున ఈ పెద్దావిడ భారం 10. అమెరికాలోని సియాటిల్‌లో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని ఏళ్ల తరబడి గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ తరగతి మందులు అందరికన్నా ఎక్కువ వాడినవాళ్లలో డిమెన్షియా (రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా మతి తగ్గడం) ముప్పు 54 శాతం ఎక్కువగా కనిపించింది. అది గమనించిన సంబంధమే, కారణమని తేల్చిన రుజువు కాదు. కానీ అవసరం లేని మందును ఆపడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

పరీక్ష చెవితో మొదలవ్వాలి

మూడడుగుల దూరంలో మామూలు గొంతుతో మాట్లాడితే ఆవిడ సగం మాటలు ఊహించుకుని జవాబిచ్చింది. "అవ్వా, పొద్దున ఏం తిన్నావు?" అంటే "మొన్ననే పోయిండ్రి" అంది. దీన్ని మరుపుగా రాసుకుంటే పరీక్ష అక్కడే పాడవుతుంది. ఒటోస్కోపులో చూస్తే కుడి చెవి నిండా గుమిలి.

ఖరీదైన పరికరం లేని చోట ఒక పద్ధతి చక్కగా పనిచేస్తుంది. స్టెతస్కోపు చెవి గొట్టాలు పేషెంటు చెవుల్లో పెట్టి, గుండె మీద ఆనించే బిళ్లలోకి మెల్లగా మాట్లాడాలి. ముఖం వెలుతురులో ఉండాలి, పెదాలు కనపడాలి. ఈవిడ విషయంలో దీనివల్లే స్కోరు మారింది. నాలుగు బొమ్మలు చూపించి కాసేపయ్యాక గుర్తుచేసుకోమనే పరీక్ష ఒకటుంది. చదువు రానివాళ్లకూ పనికొచ్చేలా కేరళలో తయారుచేసి 2012లో ప్రచురించారు. తనంతట చెప్పిన బొమ్మకు 2 మార్కులు, "పండు ఏదో ఉంది కదా" అని ఆనవాలు ఇచ్చాక చెబితే 1, మొత్తం 8. 5 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే లోతుగా చూడాలి. మామూలు గొంతుతో ఆవిడకు 2 వచ్చాయి. స్టెతస్కోపుతో, వేరే బొమ్మల వరుసతో 4 వచ్చాయి. మరుపు నిజమే, అయితే కాగితం మీద కనిపించినంత కాదు.

చదువు రానివాళ్లకు మామూలుగా వాడే 30 మార్కుల మతి పరీక్ష ఎంఎంఎస్ఈ పెట్టి 24 కన్నా తక్కువ వస్తే డిమెన్షియా అనడం అన్యాయం. అందులో వాక్యం రాయాలి, బొమ్మ గీయాలి, వందలోంచి ఏడు చొప్పున తీసివేయాలి. మన దగ్గర బడి చూడని పెద్దవాళ్లు ఆ మార్కులు ముందే పోగొట్టుకుంటారు. 1995లో ప్రచురించిన హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్, ఐసీఎంఆర్ తెలుగుతో సహా భారతీయ భాషల్లో తయారుచేయించిన పరీక్షల పెట్టె ఉన్నది ఈ లోటు కోసమే. ఏకాగ్రతకు నెలలు వెనక్కి చెప్పమనే బదులు వారాలు వెనక్కి చెప్పించాం. ఆదివారం నుంచి మొదలుపెట్టి గురువారం దగ్గర ఆగిపోయింది.

ఒక నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమంటే 6 చెప్పింది. రెండు భాషల మనిషికి ఈ పరీక్ష పెట్టేటప్పుడు ఏ భాషలో చెప్పినా తీసుకోవాలి. ఆవు అని, మళ్లీ మాడు అని చెబితే మాత్రం ఒకటిగానే లెక్క. చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు పేషెంట్లలో ఇది రోజూ ఎదురయ్యేదే. రెండు భాషలు రావడం మెదడుకు ఆసరా కూడా. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు వచ్చినవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది.

ఇంటివాళ్లను అడిగే 16 ప్రశ్నల పట్టిక మరో ఆధారం. పదేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడెలా ఉందని ప్రతి పనికీ 1 నుంచి 5 వేయించి సగటు కడతారు. 3 అంటే మార్పు లేదు. ఎవరిని అడుగుతున్నామన్నది ముఖ్యం. కొడుకు సగటు 3.4 ఇచ్చాడు, రోజంతా ఇంట్లో ఉండే కోడలు 4.1 ఇచ్చింది. కోడలి మాటే లెక్కలోకి తీసుకున్నాం.

శరీరం, రక్తం, స్కాను

పడుకున్నప్పుడు బీపీ 148/82, లేచి నిలబడిన మూడో నిమిషంలో 122/74. పై అంకె 20కి మించి పడింది. దానికి అమిట్రిప్టిలిన్ ఒక కారణం. పల్స్ 50, ఇది డోనెపెజిల్ చేసే పని. ఈసీజీలో గుండె విద్యుత్ దారికి అడ్డు (బ్లాక్) లేదు, ఉండుంటే ఆ మందును ఆ రోజే పూర్తిగా ఆపాల్సి వచ్చేది. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు చీలమండ మీద పెడితే కంపనం తెలియలేదు. కళ్లు మూసుకుని నిలబడితే తూలింది.

బీ12 148 పికోగ్రాములు, 200 కన్నా తక్కువ అంటే లోపమే. హిమోగ్లోబిన్ 10.2, ఎర్రకణాల సైజు 101. సోడియం 133. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) 6.2, ఈ వయసులో దీనికి మందు అక్కర్లేదు, తిరిగి చూస్తే చాలు. హెచ్‌బీఏ1సీ 6.2. రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే ఈ అంకె చూసి చాలామంది సంతోషపడతారు, నిజానికి ఇక్కడ భయపడాలి. బీ12 లోపంతో రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ అసలుకన్నా ఎక్కువగా కనపడుతుంది, అంటే నిజమైన షుగర్ ఇంకా తక్కువ. కోడలికి గ్లూకోమీటర్ ఇచ్చి తెల్లవారుజామున మూడింటికి చూడమంటే ఒక రాత్రి 58 వచ్చింది. ఆ రాత్రి కూడా లేచి మాట్లాడింది. మెదడు బలహీనపడిన వృద్ధులకు హెచ్‌బీఏ1సీ 8 లోపు ఉంటే చాలు.

మూత్రం పోశాక అల్ట్రాసౌండ్‌లో చూస్తే లోపల ఇంకా 140 మి.లీ. మిగిలింది. ఆక్సీబ్యుటినిన్ మూత్రాశయాన్ని పూర్తిగా ఖాళీ కానివ్వదు. మలబద్ధకం కూడా తోడైంది.

ఎంఆర్‌ఐ తిరుపతిలో తీయించాం. రక్తపు గడ్డ లేదు, మెదడులోని నీటి గదులు ఉబ్బలేదు. జ్ఞాపకాల కేంద్రమైన హిప్పోక్యాంపస్ దగ్గర కుంగుదల వయసుకు తగినంతే. తెల్లపదార్థంలో మాత్రం చిన్న రక్తనాళాల జబ్బు గుర్తులు మధ్యస్థంగా, ఫజెకాస్ గ్రేడు 2లో ఉన్నాయి. ఇవి మందుల వల్ల వచ్చినవి కావు, మందులు ఆపితే పోవు. ఈ మాట ఇంటివాళ్లకు మొదటి రోజే చెప్పాలి.

మందులు ఆపే వరుస

అన్నీ ఒకేరోజు ఆపకూడదు. కొన్ని మందులను ఉన్నట్టుండి ఆపితే ఎదురుతిరుగుతాయి, దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో కూడా తెలియదు.

మొదటి రోజున ఆక్సీబ్యుటినిన్, జలుబు మాత్ర, గ్లిమెపిరైడ్ ఆపాం. మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రెండు పూటలకు తగ్గించాం. డోనెపెజిల్‌ను అదే రోజు 5కు దించాం, రెండు వారాల తర్వాత పూర్తిగా ఆపాం. ఈ రెంటినీ కలిపి కదపాలి. మూత్రం మందు మాత్రమే తీసేసి డోనెపెజిల్‌ను పది దగ్గరే ఉంచితే బట్టలు తడవడం పెరుగుతుంది, ఇంటివాళ్లు మూడో రోజే పాత మందు మళ్లీ తెచ్చుకుంటారు.

బీ12 కూడా మొదటి రోజు నుంచే. నరాల గుర్తులు ఉన్నాయి కాబట్టి మాత్రతో మొదలుపెట్టకుండా హైడ్రాక్సోకోబాలమిన్ 1000 మైక్రోగ్రాములు కండలోకి, రోజు విడిచి రోజు రెండు వారాలు, తర్వాత వారానికొకటి నెలరోజులు. ఇంజెక్షన్లు పీహెచ్‌సీలో నర్సు వేసింది. ఆ తర్వాత రోజూ 1000 మైక్రోగ్రాముల మాత్ర, మెట్‌ఫార్మిన్ ఉన్నంత కాలం. బీ12 ఇవ్వకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రమే ఇస్తే రక్తం మెరుగవుతుంది, నరాలు మాత్రం ఇంకా దెబ్బతింటాయి. రక్తహీనతకు ఇచ్చే మాత్రల్లో ఈ పొరపాటు తేలిగ్గా జరిగిపోతుంది.

మూడో వారంలో అమిట్రిప్టిలిన్ 25 నుంచి 10కి, రెండు వారాల తర్వాత పూర్తిగా. ఏడో వారం నుంచి ఆల్ప్రాజోలామ్: 0.375, 0.25, 0.125, ఒక్కో మెట్టు మీద రెండు వారాలు. దీన్ని టక్కున ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. పాంటాప్రజోల్ అన్నిటికన్నా చివర, 20కి దించి నెలరోజుల తర్వాత అవసరమైనప్పుడే. ఆపిన రెండు మూడు వారాలు ఆమ్లం ఎగదన్నుతుంది. అది పాత జబ్బు తిరగబెట్టడం కాదని ముందే చెప్పకపోతే మళ్లీ మాత్ర మొదలవుతుంది.

మూత్రానికి మందు బదులు గడియారం పెట్టుకున్నారు. పగలు ప్రతి రెండున్నర గంటలకూ, వచ్చినా రాకున్నా, వెళ్లడం. సాయంత్రం ఆరు దాటాక కాఫీ, టీ లేవు. మలబద్ధకానికి ఇసబ్‌గోల్, నీళ్లు. నెల తర్వాత మిగులు మూత్రం 40 మి.లీ.కి తగ్గింది.

తిండి గురించి ఒక మాట. ఈ ఇంట్లో రెండు ఆవులు ఉన్నా పాలు దాదాపు అన్నీ కేంద్రానికే పోతాయి, పెద్దావిడకు దక్కేది పలచటి మజ్జిగ. సంగటి, చెనిగ్గింజల ఊరుబిండి మంచి తిండే, కానీ వాటిలో బీ12 లేదు. పాలు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంటుంది. రోజుకో గుడ్డు, ఒక గ్లాసు చిక్కటి పాలు ఇంట్లో ఉంచుకోమన్నాం. లోపాన్ని తిండి పూడ్చలేదు, తిరిగి జారిపోకుండా సాయపడుతుంది.

ఎక్కడ చెడింది

నాలుగో వారంలో జలుబు చేసి మందుల షాపు నుంచి మాత్ర తెచ్చుకున్నారు. ఆ రాత్రే పాత అయోమయం తిరిగొచ్చింది. స్ట్రిప్పు వేరే పేరుతో ఉంది, లోపలి మందు మాత్రం అదే క్లోర్‌ఫెనిరమైన్. అప్పటి నుంచి చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాసిచ్చాం: జలుబు, దురద, నిద్ర, కడుపునొప్పి మాత్రలు అడక్కుండా వేయకూడదు. కోడలు చదువుతుంది, షాపు అబ్బాయికి చూపిస్తుంది. కాళ్ల మంటలు ఐదు నుంచి ఎనిమిదో వారం దాకా ఎక్కువయ్యాయి. నరం కోలుకునేటప్పుడు అలా కావడం ఉంది. రాత్రి కాళ్లకు చల్లటి తడిగుడ్డ చుట్టి గడిపారు, కొత్త మాత్ర చేర్చలేదు.

చెవి గుమిలిని ఐదు రోజులు చుక్కలు వేసి కరిగించి, కర్ణభేరికి రంధ్రం లేదని చూసుకున్నాకే నీళ్లతో కడిగాం. తర్వాత ఆడియోమెట్రీలో కుడి 48, ఎడమ 52 డెసిబెల్స్. వినికిడి యంత్రం కావాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న పెద్దవాళ్లకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఇది ఉచితంగా వస్తుంది. యంత్రం వచ్చాక అసలు పని మొదలవుతుంది. మొదటి వారం నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో రోజుకు గంట, తర్వాత రెండు గంటలు, ఆ తర్వాతే తిరునాళ్లకు, పెళ్లికి. మొదటి రోజే మండీ రద్దీలోకి తీసుకెళితే మోత భరించలేక తీసి బీరువాలో పెట్టేస్తారు. బ్యాటరీ పల్లెలో దొరకదు, ఛార్జింగ్ రకం అడగాలి. వినికిడి యంత్రాలు మరుపును ఎంత ఆపుతాయన్నదానికి 977 మందితో మూడేళ్లు జరిపి 2023లో ప్రచురించిన ప్రయోగం ఉంది. మొత్తంగా తేడా కనపడలేదు. గుండెజబ్బు ముప్పులు ఎక్కువగా ఉన్న గుంపులో మాత్రం దిగుదల 48 శాతం మందగించింది. బీపీ, షుగర్ ఉన్న ఈ పేషెంటు ఆ గుంపుకు దగ్గర.

ఎంతవరకు వచ్చింది

పద్నాలుగో వారంలో, వేరే బొమ్మలతో, యంత్రం పెట్టుకుని, 8కి 6. జంతువులు 11. వారాలు వెనక్కి తడబడకుండా చెప్పింది. రాత్రి తిరుగుళ్లు లేవు. పల్స్ 68. నిలబడితే బీపీ పడటం పోయింది. హెచ్‌బీఏ1సీ 7.3, తెల్లవారుజామున షుగర్ 110కి పైనే. దారి తప్పలేదు.

ఆరో నెలలోనూ అవే అంకెలు, 6, 11. అంటే రావాల్సింది వచ్చేసింది. కొత్త పేర్లు ఇప్పటికీ నిలవవు, పెళ్లికి సామాను లెక్క లాంటి నాలుగు మెట్ల పని చేయలేదు. చీటీ మీద ఇప్పుడున్నది చిన్న రక్తనాళాల జబ్బు వల్ల వచ్చిన తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం. డిమెన్షియా అన్న మాట తీసేశాం.

ఇలాంటి కేసులు చదివి ప్రతి మరుపూ వెనక్కి తిరుగుతుందని అనుకోకూడదు. 2003లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, డిమెన్షియాగా తేలినవాళ్లలో బాగుచేయదగ్గ కారణం దొరికింది 9 శాతంలో, కొంతైనా నిజంగా బాగైంది 0.6 శాతంలోనే. అయినా సంచి తెరవడానికి అరగంట, బీ12కు ఒక రక్తపరీక్ష చాలు.

కొడుకు కొత్త మందుల గురించి అడిగాడు. లెకానెమాబ్‌ను 1,795 మంది మీద 18 నెలలు పరీక్షించారు, దిగుదల 27 శాతం మందగించింది. అది మెదడులో అమిలాయిడ్ అనే మాంసకృత్తి పేరుకుందని తేలిన తొలిదశ అల్జీమర్స్‌కు. మొదట్లో రెండు వారాలకోసారి నరంలోకి ఎక్కించాలి, మెదడు వాపు, రక్తస్రావం కోసం పదేపదే ఎంఆర్‌ఐ తీయాలి. ఈ పేషెంటుకు ఆ జబ్బు ఆనవాళ్లు లేవు. అల్జీమర్స్ ఆనవాళ్లు వెతికే పీ-టౌ217 రక్తపరీక్ష కూడా అడగలేదు. మందుల వల్ల వచ్చిన మరుపును ఆ ఫలితం వేరు చేసి చూపదు, కిడ్నీ పని తగ్గినవాళ్లలో అంకె పెరిగి తప్పుదోవ పట్టిస్తుంది.

ఇక చేయాల్సింది రక్తనాళాలను కాపాడటం. 2024 లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు మార్చగల ముప్పులు 14 అని, అవన్నీ పోతే 45 శాతం కేసులు ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యమని లెక్కగట్టింది. ఆ 14లో ఈవిడకున్నవి బీపీ, షుగర్, వినికిడి లోపం, బడి లేకపోవడం. నాలుగోది మన చేతుల్లో లేదు. నిలబడినప్పుడు పడిపోదని తేలాక టెల్మిసార్టాన్ 20 మి.గ్రా. చేర్చి బీపీ 130/80 దగ్గరికి తెస్తున్నాం. రోజూ పొద్దున పాల కేంద్రానికి నడక మానిపించవద్దని, మనవడిని తోడు పంపమని చెప్పాం. పాల లెక్క మళ్లీ ఆవిడ చేతే నోటితో చెప్పిస్తున్నారు, తప్పితే కోడలు సరిదిద్దుతుంది.

బీ12, హిమోగ్లోబిన్, సోడియం, టీఎస్‌హెచ్ ఆరు నెలలకోసారి. 16 ప్రశ్నల పట్టిక, జంతువుల పరీక్ష ఏడాదికోసారి, కోడలినే కూర్చోబెట్టి. జంతువులు 8 కన్నా తగ్గినా, కోడలి సగటు మళ్లీ పెరిగినా మొదట సంచి తెప్పించి చూడాలి, ఆ తర్వాతే ఎంఆర్‌ఐ.